ఎంత బిగించినా దిగిపోతున్న సీటు: ఒక టూరింగ్ సైకిలు కేసు

సీటు కిందికి దిగిపోతోందని మా వర్క్‌షాపుకు వచ్చే సైకిళ్లలో ఎక్కువ భాగం క్లాంపు (సీటు గొట్టాన్ని పట్టి బిగించే కడియం) విప్పి, తుడిచి, మళ్లీ సరిగ్గా బిగిస్తే బాగుపడేవే. ఈ సైకిలు అలాంటిది కాదు. నా దగ్గరికి వచ్చేటప్పటికే దీని మీద వేర్వేరు చేతులు పడ్డాయి. జారుతోందంటే బిగింపు చాలడం లేదనే అందరూ అనుకున్నారు. ఆ ఆలోచనతో చేసిన ప్రతి పనీ సీటు ట్యూబును, అంటే సీటు గొట్టం దిగే ఫ్రేము గొట్టాన్ని, ఇంకాస్త పాడు చేసింది. సీటు పోస్టు (సీటును మోసే గొట్టం) నిలబడేది ముందు కొలత మీద, ఆ తర్వాతే బోల్టు మీద అని నేను గట్టిగా నమ్ముతాను. ఎందుకలా నమ్ముతానో ఈ కేసులో ప్రతి అడుగులోనూ కనబడింది కాబట్టి అంకెలతో సహా రాస్తున్నాను.

క్రోమోలీ (క్రోమియం, మాలిబ్డినం కలిసిన) స్టీలు ఫ్రేము, వెనక క్యారియరు ఉన్న టూరింగ్ సైకిలు ఇది. సీటు ట్యూబు బయటి వ్యాసం 28.6 మి.మీ., గోడ మందం 0.7 మి.మీ. అంటే లోపలికి పట్టాల్సిన పోస్టు 27.2. మంచి స్టీలు ఫ్రేముల్లో దశాబ్దాలుగా నడుస్తున్న కొలతే. నడిపే ఆయన ఆరడుగులు దాటిన మనిషి, బరువు 86 కిలోలు. ఉద్యోగం హైదరాబాద్‌లో, సెలవు రోజుల్లో బ్రెవేలు తొక్కుతారు. బ్రెవే పందెం కాదు, గడువులోపల దూరం పూర్తి చేసే తొక్కుడు. మన దేశంలో ఆడాక్స్ ఇండియా రాండోనర్స్ పేరుమీద జరిగే వీటిలో 200 కిలోమీటర్లకు 13 గంటల 30 నిమిషాలు, 300కు 20 గంటలు, 400కు 27 గంటలు, 600కు 40 గంటలు గడువు.

ఆయన చెప్పిన బాధ ఇది. పొద్దున బయలుదేరేటప్పుడు సీటు సరైన ఎత్తులోనే ఉంటుంది. మధ్యాహ్నానికి కాళ్లు ముడుచుకుని తొక్కుతున్నట్టు అనిపిస్తుంది. 200 పూర్తయ్యాక కొలిస్తే 12 మి.మీ. దిగి ఉంది. మోకాలి చిప్ప ముందువైపు నొప్పి మొదలై రెండు మూడు రోజులు తగ్గడం లేదు.

“అన్నా, ఎంత బిగించినా దిగుతనే ఉంది. బిగించి బిగించి బోల్టు కూడా తెగింది ఒకసారి.”

“ఇంక బిగించకండి సార్. ముందు విప్పి చూద్దాం.”

12 మి.మీ. అంటే చిన్న సంగతే కదా అనుకునేవాళ్లు ఉంటారు. పెడలు అట్టడుగున ఉన్నప్పుడు మోకాలు సుమారు 25 నుంచి 35 డిగ్రీలు వంగి ఉండేలా సీటు ఎత్తు పెడతాం. సీటు దిగినకొద్దీ ఆ వంపు పెరుగుతుంది, మోకాలి చిప్ప మీద ఒత్తిడి పెరుగుతుంది. 200 కిలోమీటర్ల దారిలో కాలు వేల సార్లు తిరుగుతుంది. ఆయన నొప్పికి మందు సైకిల్లోనే ఉంది.

ముందు ఎవరేం చేశారు

అడిగి తెలుసుకున్నది ఇది. మొదట క్విక్ రిలీజు క్లాంపు (పనిముట్టు లేకుండా చేత్తో లివరు వేసి బిగించేది) ఉండేది. అది జారుతోందని ఒక షాపులో దాన్నే లివరు వంగేదాకా బిగించారు. తర్వాత ఇంకోచోట పోస్టు నున్నగా ఉన్నందువల్లే జారుతోందని తేల్చి, గరుకు కోసం ఎమ్రీ పేపరుతో చుట్టూ రుద్దారు. కొన్నాళ్లు నిలిచిందట, మళ్లీ మొదలైంది. ఈసారి కూల్‌డ్రింకు డబ్బా రేకు ముక్క చుట్టి దించారు. ఆ రేకు నలిగి, చిరిగి, సగం ట్యూబులోపలికి జారిపోయింది. చివరికి బోల్టు క్లాంపు వేసి, ఎల్లన్ కీకి పైపు తొడిగి బిగించారు. తెగింది ఆ బోల్టే.

ఇందులో ఏ ఒక్కరూ కొలత తీయలేదు. పోస్టు మీద 27.2 అని ముద్ర ఉంది, అదే చాలనుకున్నారు. నాకు ఈ కేసులో అన్నిటికన్నా బాధ కలిగించిన విషయం ఇదే. వెర్నియర్ కాలిపర్ ఇప్పుడు చిన్న షాపుల్లో కూడా ఉంటోంది, బేరింగు బాల్సు కొలవడానికి వాడుతూనే ఉంటారు.

పరీక్ష

విప్పకముందు పోస్టు, క్లాంపు, ఫ్రేము మూడింటి మీదుగా పెయింట్ మార్కరుతో నిలువుగా ఒకే గీత గీశాను. క్లాంపు పై అంచు దగ్గర పోస్టు చుట్టూ సన్నటి టేపు అంటించాను. తర్వాత ఆయన్నే ఎక్కించి వీధి చివరి స్పీడ్ బ్రేకర్ల మీదుగా తిప్పి రమ్మన్నాను. పోస్టు మీది గీత పక్కకు జరిగితే పోస్టు తిరుగుతోందని అర్థం. క్లాంపు మీది గీత జరిగితే క్లాంపే ఫ్రేము మీద తిరుగుతోంది. టేపు క్లాంపు లోపలికి దూరిపోతే నిలువుగా దిగుతోంది. ఇవేవీ జరగకుండా సీటు ముక్కు పైకో కిందికో వంగితే తప్పు పోస్టుది కాదు, సీటు పట్టాలను పట్టుకునే పై క్లాంపుది. చాలామంది ఈ చివరిదాన్ని కూడా సీటు దిగడమనే చెబుతారు. అందుకే నేను ఈ గీత లేకుండా పని మొదలుపెట్టను. ఇక్కడ టేపు కాస్త లోపలికి వెళ్లింది, పోస్టు మీది గీత వెంట్రుకవాసి పక్కకు జరిగింది. అంటే మెల్లగా తిరుగుతూ దిగుతోంది.

పోస్టు బయటికి తీస్తే మొదట కనబడింది దాని పొడవు. మొత్తం 300 మి.మీ. పొడవుండే పోస్టు. ఆయన ఎత్తుకు తగ్గట్టు పైకి లాగితే లోపల మిగిలింది 70 మి.మీ. మాత్రమే. కనీసం ఇంత లోపల ఉండాలని పోస్టు మీద ఉండే గీత సరిగ్గా ట్యూబు అంచు దగ్గర నిలిచింది. ఆ గీత పోస్టు చేసినవాళ్లు తమ పోస్టు విరగకుండా పెట్టిన హద్దు. ఫ్రేముకు ఇంకో హద్దు ఉంది: టాప్ ట్యూబు (ఫ్రేము పై అడ్డ గొట్టం) వచ్చి సీటు ట్యూబుకు అతుక్కున్న చోటును పోస్టు కింది కొస దాటి కిందికి వెళ్లాలి. నేను 100 మి.మీ.కి తగ్గనివ్వను. ఈ సైకిల్లో పోస్టు కొస ఆ అతుకు దగ్గరిదాకా కూడా చేరడం లేదు. 86 కిలోల మనిషి కూర్చుని తొక్కుతుంటే పోస్టు ట్యూబులో ముందుకీ వెనక్కీ ఊగుతూ ఉంటుంది.

కొలతలు తీశాను. పోస్టు మీద క్లాంపు ఎప్పుడూ తగలని పైభాగంలో 27.17. క్లాంపు పట్టే చోట ముందు-వెనకగా 27.08, పక్కలకు 27.02. ఎమ్రీ పేపరు తిన్నది అంత. గరుకు చేయబోయి పోస్టును ఒక సైజు కిందికి దించారు. సీటు పోస్టుల సైజులు 26.8, 27.0, 27.2 అని 0.2 మి.మీ. తేడాతోనే ఉంటాయని గుర్తుపెట్టుకుంటే, దాదాపు 27.0 పోస్టుగా మారిపోయిన దాన్ని 27.2 ఫ్రేములో బిగిస్తున్నారన్నమాట.

ట్యూబు లోపలి కొలతే ఇంకా ఎక్కువ చెప్పింది. వెర్నియర్ లోపలి ముక్కులు పైపైనే కొలుస్తాయి కాబట్టి లోతుకు టెలిస్కోపిక్ గేజీ (గొట్టం లోపల విచ్చుకుని వ్యాసాన్ని పట్టే పనిముట్టు) వాడాను. అంచు దగ్గర 27.0. 15 మి.మీ. లోతులో 27.25. 30 మి.మీ. లోతులో పక్కలకు 27.3, ముందు-వెనకగా 27.4. 60 మి.మీ. లోతులో మళ్లీ 27.25. అతి బిగింపుకు ట్యూబు నోరు ముడుచుకుపోయింది, దాని కింద పోస్టు ఊగుడుకు ట్యూబు కోడిగుడ్డు ఆకారంలో సాగింది. బిగిస్తే ముడుచుకునేందుకు ట్యూబు పైకొసలో వెనకవైపు ఉండే నిలువు చీలిక కింద 3 మి.మీ. వెడల్పుంటే పైన 1.6కు దగ్గరపడింది.

ఇప్పుడు అందరూ ఎందుకు పొరబడ్డారో తెలుస్తుంది. ఆ పోస్టును ట్యూబులో పెట్టి నొక్కితే బిర్రుగా, తిప్పుతూ నొక్కితేనే దిగుతుంది. చేతికి అంత బిర్రుగా తగిలితే సైజు సరిపోయిందనే అనిపిస్తుంది. కానీ ఆ బిర్రు అంచు దగ్గరి సన్నటి వలయంలోనే. దీన్ని కళ్లతో చూడటానికి ఒక సులువైన పద్ధతి ఉంది. పోస్టు కింది భాగమంతా పర్మనెంట్ మార్కరుతో నల్లగా పూశాను. లోపలికి దించి, క్లాంపు మామూలుగా బిగించి, బలంగా కొద్దిగా తిప్పి, విప్పి బయటికి తీశాను. సరైన జోడీ అయితే క్లాంపు ఎత్తంతా సిరా చుట్టూ సమంగా చెరగాలి. ఇక్కడ చెరిగింది పైన 4 మి.మీ. వెడల్పున్న ఒక వలయం, చాలా కింద వెనకవైపు ఒక మచ్చ. మిగతా చోటంతా నలుపు అలాగే ఉంది. అంత బరువునూ మోస్తున్నది ఆ 4 మి.మీ. మాత్రమే. సైకిలు యజమానికి ఇది చూపించాక ఇంక ఏమీ వివరించాల్సిన అవసరం రాలేదు.

పాత క్లాంపు చెవులు, అంటే బోల్టు దూరే రెండు కొసలు, కూడా చూశాను. రెండూ బయటి కొసల దగ్గర ఒకదానికొకటి తగిలి ఉన్నాయి. అక్కడి నుంచి బోల్టును ఎంత తిప్పినా ఆ బలం చెవులకూ బోల్టుకూ మధ్యే తిరుగుతుంది, ట్యూబు దాకా రాదు.

బోల్టు బలం ఎక్కడికి పోయింది

ఇక్కడ కాస్త లెక్క చెప్పాలి, ఎందుకంటే ఇది తెలిస్తే ఎల్లన్ కీకి పైపు తొడగాలనిపించదు. ఎం5 (5 మి.మీ. వ్యాసం) బోల్టును 5 న్యూటన్ మీటర్ల టార్కుతో (తిప్పే బలంతో) బిగిస్తే ఆ బోల్టులో పుట్టే లాగుడు సుమారు 5,000 న్యూటన్లు. అంటే అర టన్ను బరువు వేలాడదీసినంత. క్లాంపు చుట్టూ తిరిగి ఉంటుంది కాబట్టి పోస్టు మీద అన్నివైపులా పడే ఒత్తిడి మొత్తం కలిపితే దానికి ఆరు రెట్లకు పైనే, దాదాపు మూడు టన్నులు. గ్రీజు రాసిన లోహాల మధ్య కూడా రాపిడి అందులో పదో వంతు ఉంటుందనుకుంటే పోస్టును 300 కిలోల బలంతో నొక్కితే తప్ప కదలకూడదు. 86 కిలోల మనిషి గుంతలో పడ్డప్పుడు ఆ బరువు రెండింతలో మూడింతలో అయినా ఇంకా హద్దులోపలే ఉంది. అంటే, జోడీ సరిగ్గా ఉంటే 5 న్యూటన్ మీటర్లు బొత్తిగా చాలు.

జోడీ సరిగ్గా లేకపోతే ఆ బలం ముందు ట్యూబును వంచడానికి ఖర్చవుతుంది. పోస్టుకూ ట్యూబుకూ వ్యాసంలో ప్రతి 0.1 మి.మీ. తేడాకూ చీలిక 0.31 మి.మీ. మూసుకోవాలి. వృత్తం చుట్టుకొలత లెక్కే అది, వ్యాసానికి 3.14 రెట్లు. 0.2 తేడాకు 0.6 మి.మీ.కి పైగా. చీలిక పైకొస తెరిచి, కింది కొస మూసి ఉంటుంది కాబట్టి సమంగా మూసుకోదు, పైన ఎక్కువగా మూసుకుంటుంది. దాంతో అంచు ముందుగా వచ్చి పోస్టుకు తగులుతుంది. ఆ తర్వాత ఎంత బిగించినా ఆ అంచే ఇంకా నొక్కుకుంటుంది, దాని కింద ఖాళీ ఖాళీగానే ఉండిపోతుంది. తొక్కే ప్రతిసారీ పోస్టు ఆ ఖాళీలో ఊగుతుంది, ఊగిన ప్రతిసారీ అంచు దగ్గర కనబడనంత కదులుతుంది. పాతిన గుంజను ఇటూ అటూ ఊపుతూ నేలలోకి దించినట్టే పోస్టు కిందికి దిగుతుంది. సైకిలు నిలబెట్టి సీటు మీద దబదబా బాదితే ఇది దిగదు. తొక్కితేనే దిగుతుంది. ‘షాపులో బాగానే ఉంది, రోడ్డెక్కితేనే జారుతోంది’ అని జనం చెప్పేది అక్షరాలా నిజం.

చేసిన పని

ముందు పెయింటు గీకి చీలిక కింది కొసను పరిశీలించాను. ఇంత బలం పడ్డ ట్యూబులో పగులు పుడితే అక్కడే పుడుతుంది. వెల్డింగు సామాన్ల షాపుల్లో దొరికే ఎర్రరంగు పెనెట్రెంట్ స్ప్రే కొట్టి, కాసేపు ఆగి తుడిచి, తెల్ల డెవలపర్ కొట్టాను. పగులుంటే తెల్లదనం మీద ఎర్రటి వెంట్రుకలా తేలుతుంది. ఏమీ తేలలేదు. తేలి ఉంటే ఇక్కడితో ఆపి, ఫ్రేము బిల్డరు దగ్గరికి పంపేవాణ్ణి.

తర్వాత ట్యూబు నోరు తెరవడం. ఇది స్టీలు ఫ్రేము కాబట్టే ఈ పనికి పూనుకున్నాను. అల్యూమినియం ఫ్రేములో ముడుచుకున్న నోటిని వెనక్కి వంచితే పగిలే ప్రమాదం ఎక్కువ. దానికి నేను ఒప్పుకోను. లేత్ పని చేసేచోట ఒక స్టీలు కడ్డీ తిప్పించాను: మొదట్లో 26.5, పోనుపోను పెరిగి చివరికి 27.25. దానికి గ్రీజు రాసి, రబ్బరు సుత్తితో మెల్లగా తడుతూ, మధ్యమధ్యలో తిప్పుతూ దించాను. స్క్రూడ్రైవరు చీలికలో దూర్చి విడదీసేవాళ్లున్నారు. అలా చేస్తే అంచులు మాత్రమే బయటికి లేస్తాయి, గుండ్రం రాదు. కడ్డీ తీశాక చీలిక పైన 2.8, నోటి దగ్గర వ్యాసం 27.2కు వచ్చింది. లోపల చిక్కుకున్న డబ్బా రేకు ముక్కలు కడ్డీ దించకముందే తీసేశాను. చీలిక అంచుల మీది గరుకు మాత్రం సన్న ఎమ్రీతో రెండు రుద్దులు రుద్ది వదిలాను. లోపలి వ్యాసం పెంచే పని ఏదీ చేయలేదు. 30 మి.మీ. లోతులో సాగిన చోటును తగ్గించే మార్గం లేదు, దాన్ని అలాగే ఉంచి దాటిపోవాలి.

దాటిపోవడానికే పొడవైన పోస్టు. కొత్తది 350 మి.మీ. పొడవు, ముద్ర 27.2, నా వెర్నియర్‌లో 27.18. కొనేముందు షాపులోనే కొలిచి తెచ్చాను. అదే ముద్రతో 27.1 కన్నా సన్నగా ఉన్న చవక పోస్టులు నా చేతికి వచ్చాయి. ఇప్పుడు లోపల 120 మి.మీ. ఉంది. సాగిన చోటుకు పైన క్లాంపు దగ్గరా, దానికి కింద 60 నుంచి 120 లోతు వరకూ ట్యూబు మంచి కొలతలో ఉంది కాబట్టి పోస్టుకు రెండు చోట్ల ఆధారం దొరికింది. ఊగుడు ఆగింది. మార్కరు పూసి మళ్లీ చూస్తే క్లాంపు ఎత్తంతా సిరా చెరిగింది.

క్లాంపు కొత్తది, 28.6 సైజు, మామూలు బోల్టుది. దూర ప్రయాణాల మనిషికి దారిలో సీటు దించే అవసరం లేదు, క్విక్ రిలీజు వద్దన్నాను. బోల్టు మరలకూ, తల కింద వాషరుకూ గ్రీజు రాశాను. మరలు పొడిగా ఉంటే టార్కు రెంచి (తిప్పే బలాన్ని కొలిచే పానా) చూపించే అంకెలో ఎక్కువ భాగం మరల రాపిడికే పోతుంది. టార్కు 6 న్యూటన్ మీటర్లు, క్లాంపు మీద చెక్కి ఉన్నది అంతే. బిగించాక చెవుల మధ్య సందు సమానంగా, తగలకుండా ఉందో లేదో చూశాను. ఉంది.

పోస్టుకు ఏం రాయాలన్నదాని మీద మెకానిక్కుల్లో వాదన ఎప్పుడూ ఉంటుంది. గ్రీజు రాస్తే జారుతుందని పొడిగా దించేవాళ్లున్నారు. స్టీలు ట్యూబులో అల్యూమినియం పోస్టును పొడిగా పెడితే చెమట, వాన నీళ్లు దిగి రెండు లోహాల మధ్య తుప్పు పేరుకుంటుంది, కొన్నేళ్లకు పోస్టు ట్యూబుకు అతుక్కుపోయి కోసి తీయాల్సి వస్తుంది. సముద్రం దగ్గరి ఊళ్లలో, విశాఖలోనూ కాకినాడలోనూ, అది ఇంకా తొందరగా జరుగుతుంది. నేను కింది భాగానికి పలచగా గ్రీజు రాసి, క్లాంపు పట్టే ఎత్తులో మాత్రం తుడిచేసి, సన్నటి రేణువులుండే గ్రిప్ పేస్టు రాస్తాను. కార్బన్ పోస్టుల కోసం వచ్చిందే ఆ పేస్టు. లోహపు పోస్టులకూ పని చేస్తుంది, తక్కువ టార్కుకే పట్టు ఇస్తుంది. కార్బన్ పోస్టుకైతే గ్రీజు అసలు తగలనివ్వకూడదు. కానీ ఒక మాట: కొలత తప్పిన జోడీకి ఈ పేస్టు రాస్తే కొన్ని వారాలు నిలిచి మళ్లీ దిగుతుంది. దాన్ని మొదటి మందుగా వాడొద్దు.

డబ్బా రేకు గురించి, బెజ్జం గురించి

రేకు చుట్టడం పూర్తిగా తప్పు పని అనను. కూల్‌డ్రింకు డబ్బా గోడ మందం సుమారు 0.1 మి.మీ. చుట్టూ ఒక పొర వేస్తే వ్యాసం 0.2 పెరుగుతుంది, అంటే ఒక సైజు. ట్యూబు గుండ్రంగా ఉండి, పోస్టు సరిగ్గా ఒక సైజు తక్కువై ఉంటే, రేకును కొలిచి కత్తిరించి, కొసలు ఒకదానిమీదొకటి ఎక్కకుండా, చీలిక దగ్గర కలవకుండా చుట్టి, పై అంచును కొద్దిగా బయటికి మడిచి లోపలికి జారకుండా చేస్తే చాలాకాలం నిలుస్తుంది. కొనే షిమ్ములు (సందు నింపే పలచటి తొడుగులు) దొరికితే అవి ఇంకా మేలు. ఈ సైకిల్లో ట్యూబు గుండ్రం పోయింది, నోరు ముడుచుకుంది. ఆ బిర్రు నోట్లో రేకు నలగక ఏం చేస్తుంది?

ఫ్రేముకూ పోస్టుకూ కలిపి అడ్డంగా బెజ్జం వేసి బోల్టు దూర్చిన సైకిళ్లు కూడా నా దగ్గరికి వచ్చాయి. ఎవరైనా అలా చేస్తామంటే దయచేసి ఒప్పుకోకండి. పోస్టు మీద వంపు బలం అన్నిటికన్నా ఎక్కువగా పడేది క్లాంపు దగ్గరే. అక్కడ బెజ్జం పడితే పోస్టు ఒకరోజు కూర్చున్న మనిషితో సహా విరుగుతుంది. విరిగిన గొట్టం కొస కత్తిలా పైకి నిలబడి ఉంటుంది.

తర్వాత

మొదట గీసినట్టే మూడింటి మీదుగా కొత్త గీత గీసి, టేపు అంటించి పంపాను. సీటు ఎత్తును పెడలు ఇరుసు మధ్య నుంచి సీటు పైదాకా కొలిచి, ఆ అంకెను ఆయన ఫోనులో రాసుకోమన్నాను. రోజువారీ తొక్కుడు తర్వాత ఫోటో పంపారు, గీత కదల్లేదు. ఆ తర్వాత 300 కిలోమీటర్ల బ్రెవే గడువులోపల పూర్తి చేసి వచ్చి సైకిలు చూపించారు. టేపు క్లాంపు అంచును ఆనుకుని పెట్టినచోటే ఉంది, ఎత్తు అదే అంకె. మోకాలి నొప్పి రాలేదన్నారు. టార్కు రెంచి పెట్టి చూస్తే బోల్టు 6 దగ్గరే పలికింది.

ఆయనకు చెప్పి పంపినవి రెండే. వానాకాలం ముందొకసారి, తర్వాతొకసారి పోస్టు బయటికి తీసి, ట్యూబును తుడిచి, గ్రీజూ పేస్టూ కొత్తగా రాయించుకోవాలి. ఎప్పుడైనా టేపు మళ్లీ కదిలితే బోల్టు జోలికి వెళ్లకుండా సైకిలు తీసుకురావాలి, 30 మి.మీ. లోతులో ఆ 27.4 పెరిగిందేమో గేజీ పెట్టి చూస్తాను.